ఆరాయి అత్త పాత గొంతు

మార్చి 3

కృష్ణరాజ్ సార్ స్టూడియోకి కొత్త ఈక్వలైజర్ వచ్చింది. కొత్తదంటే పాతదే. డెబ్బై ఏళ్ళ కిందట ఏదో దేశంలో రేడియో స్టేషన్లలో ఒక ఇనుప పెట్టె వాడేవాళ్ళట. గొంతులో ఎక్కడ బరువు పెంచాలో, ఎక్కడ పదును తగ్గించాలో దాని నాబులు తిప్పి సరిచేసేవాళ్ళట. ఆ పెట్టెలోని వాల్వులూ తీగచుట్టలూ ఎలా నడుచుకునేవో లెక్కగట్టి ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌గా అమ్ముతున్నారు. కంప్యూటర్‌లో తెరిస్తే పెట్టె బొమ్మ వస్తుంది. నాలుగు మూలలా నాలుగు మరలు. ఒక మర చుట్టూ తుప్పు కూడా వేశారు. మౌస్‌తో ఆ మర తిప్పి చూశాను. తిరగలేదు.

ఇన్నాళ్ళూ వాడినదాంట్లో ఒక గీత ఉండేది. గొంతు ఎక్కడ గరగరలాడితే అక్కడ గీతను కిందికి లాగేదాన్ని. ఇందులో గీత లేదు. బరువు పెంచే నాబు ఒకటి, అదే బరువు తగ్గించే నాబు ఇంకొకటి. రెండూ ఒకేసారి తిప్పవద్దని దాని పుస్తకంలో రాశారు. ఇంటర్నెట్‌లో అందరూ రెండూ ఒకేసారి తిప్పుతున్నారు. నేనూ తిప్పాను. బాగుంది.

ఇంకొక సంగతి. నాబులన్నీ సున్నాలో పెట్టినా గొంతు కొంచెం మారుతుంది. ఆ పెట్టెలోంచి దాటితే చాలు.

మార్చి 9, ఆదివారం

ఆరాయి అత్తను స్టూడియోకి తీసుకుపోయాను. ఇంట్లోనే పాడిద్దామంటే కోయంబత్తూరు పక్కన మా సూలూరు మీద తిరిగే విమానాలు ఊరుకోవు. ఇంట్లో దోసె పిండి రుబ్బుతూ అత్త పాడినదాన్ని ఒకసారి ఫోన్‌లో తీసి సార్‌కు వినిపించాను. అప్పటినుంచీ ఆయన పిలుచుకు రా, పిలుచుకు రా అంటున్నాడు.

అత్త హెడ్‌ఫోన్ వద్దంది. "చెవులు మూసుకోని ఎట్ల పాడేది?" అంది. పత్తి ఏరేటప్పటి పాటలు, ఒక జోలపాట పాడింది. ఏడ్పు పాట కూడా కావాలని సార్ అడిగాడు.

"ఎవురు సచ్చినట్టు పాడాల?" అంది అత్త.

"ఎవరైనా సరే, పాటీ" అన్నాడు, తమిళంలో అవ్వను పిలిచినట్టు.

అత్త కాసేపు ఆలోచించి పాడింది. బయటికొచ్చాక, ఎవరిని తలుచుకున్నావని అడిగాను. తాను నూలు చుట్టిన మిల్లులోని సూపర్‌వైజర్‌నట. ఆయన బతికే ఉన్నాడు, ఇరుగూరులో ఉంటాడు.

సాయంకాలం నాన్న కారమడై నుంచి ఫోన్ చేశాడు. "మా అక్క పాడిందా? మైకు బాగుండాదా?" అని అడిగాడు.

మార్చి 14

ఆరాయి అత్త గొంతు మీద పని మొదలుపెట్టాను. బాగానే కుదిరింది. గరుకు తీసేశాను. సార్ విని, "పాతగా కావాల యువా" అన్నాడు.

"ఎంత పాతగా సార్?"

"మా తాత విన్నట్టు ఉండాల."

కొత్త పెట్టె తెరిచాను. పై పదునంతా దించేశాను. కింద బరువు పెంచి, అక్కడే తగ్గించాను.

మార్చి 15

ఇంకా పాతగా కావాలట.

మార్చి 21

పూర్తయింది. టేపు వేగం ఒక రవ్వ ఎక్కువగా ఉన్నట్టు గొంతును పైకి జరిపాను. వెనకాల సన్నగా బుసబుస పెట్టాను. పెట్టెలో వాల్వులు వేడెక్కినట్టు చేసే మీట ఒకటి ఉంది, అదీ వేశాను.

ఇప్పుడది అత్త గొంతు కాదు. ఎవరో ఒకామె. వయసులో చిన్నది. దూరంగా ఒక వాకిట్లో కూర్చుని తన పాటికి తాను పాడుకుంటోంది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను, అయినా ఆమె ఎదుట కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడానికి ఎలాగో అనిపించి దించాను.

ఇంత బాగా నేను ఎప్పుడూ చేయలేదు. ఇది నా డైరీ కాబట్టి రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 11

ఆల్బమ్ ఇంటర్నెట్‌లో పెట్టారు. కింద సార్ ఇలా రాశాడు: "కోయంబత్తూరు తెలుగు పల్లెల్లో 1950లలో తీసిన టేపు నుంచి. పాడిన స్త్రీ ఎవరో తెలియదు. ఆమె ఈనాడు మన మధ్య లేరు."

నేను అది చదివేటప్పుడు అత్త వంటింట్లో దోసె తిరగేస్తోంది.

దాని కింద ఇంకొక వరుస ఉంది. "శబ్ద పునరుద్ధరణ: యువరాణి." ఇంతవరకు నా పేరు ఎక్కడా రాలేదు. ఏడేళ్ళుగా పని చేస్తున్నాను.

ఏప్రిల్ 12

సార్‌ను అడిగాను. అడగలేదని అనడానికి లేదు.

"పాటలు మా అత్తవి కదా సార్."

"బతికుండే ముసలామె పాడితే ఎవురు వింటారు యువా? రోజూ వీధిలో వినేది దానే కదా. ఇట్లయితే వింటారు. పాటలు నిలబడతాయి. అది ముఖ్యమా, పేరు ముఖ్యమా?"

పాటలే ముఖ్యం. అది సరిగానే ఉంది. అదీగాక ఆమె ఎవరో తెలియదన్నది ఒక విధంగా నిజమే. అత్త ఎవరో ఎవరికి తెలుసు? కథ రాసింది సార్. నేను ఈక్వలైజర్ పని మాత్రమే చేశాను.

ఏప్రిల్ 20

చాలామంది వింటున్నారు. "ఇలాంటి గొంతులు ఇప్పుడు పుట్టవు" అని ఒకరు రాశారు. ఇంకొకరు ఆమె ఆత్మకు శాంతి కలగాలన్నారు.

"నా పాట ఏమాయె రాణీ?" అని అత్త అడిగింది.

ఇంకా పని ఉందని చెప్పాను.

"అంత సెడిపోయి ఉండాదా గొంతు?" అంది.

లేదన్నాను.

మే 4

మధురై నుంచి కల్యాణసుందరం అనే ఆయన వచ్చారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. తమిళనాట మనం మాట్లాడే తెలుగు మాటల మీద వ్యాసాలు రాస్తారట. ఆల్బమ్ విని, అందులోని కొన్ని మాటలు సూలూరు చుట్టుపక్కల వాళ్ళే అంటారని పట్టుకుని, పాడినామె బంధువులు ఎవరైనా ఉన్నారేమోనని వీధి వీధీ అడుగుతూ వస్తున్నారు. నేను ఇక్కడ ఉంటానని ఆయనకు తెలియదు.

అత్త గడప మీద కూర్చుని మునగాకు దూస్తోంది. ఆయన ఫోన్‌లో జోలపాట పెట్టారు. నేను లోపలినుంచి టీ తెస్తున్నాను.

అత్త చేతులు ఆగిపోయాయి. పాట అయిపోయేదాకా కదలలేదు.

"ఇంగొగసారి పెట్టండి సామీ."

మళ్ళీ పెట్టారు.

"ఇది మా అమ్మ" అంది అత్త.

ఆయన గడప మీదే కూర్చున్నారు. పంచె కింద మునగాకు ఉన్నదని కూడా చూడలేదు. "మీకు బాగా తెలుస్తుందా అమ్మా? అమ్మగారి పేరేమిటి?"

"వళ్ళి. నాకు తొమ్మిదో పదో ఏండ్లప్పుడు పాయె. ఇదే పాట దానే నేనూ పాడేది. ఆమె దగ్గర నేర్చింది. ఆమె గొంతు మరిచిపోయినాననుకుంటిని." అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "మరవలా."

"ఆ రోజుల్లో రికార్డు చేయడానికి ఎవరైనా వచ్చారా?"

అత్త చాలాసేపు ఆలోచించింది. "ఒక దొర వచ్చె. జీపులో. దాంట్లో ఒక పెట్టె ఉండె. మేమంతా దాని ఎనకాల పరిగెత్తితిమి."

ఆయన కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. నేను టీ ఇచ్చాను.

మే 5

చెప్పలేదు.

మే 6

చెప్పలేదు. అత్తకు ఒంట్లో బాగాలేదు.

మే 7

అత్తకు ఒంట్లో బాగానే ఉంది.

మే 18

అత్త నా ఫోన్‌లోనుంచి ఆ పాటలన్నీ తన ఫోన్‌లోకి వేయించుకుంది. పొద్దున వాకిలి చిమ్ముతూ పెడుతుంది. పక్కింటి పాండీశ్వరక్క వస్తే, "మా అమ్మ" అని మనిషినే చూపించినట్టు ఫోన్ చూపిస్తుంది. ఫోటో ఒక్కటి కూడా లేని మనిషి. అప్పట్లో వాళ్ళింట్లో ఫోటో ఎవరు తీస్తారు?

ఈరోజు ఉన్నట్టుండి చెప్పింది. వాళ్ళమ్మ కాన్పులో పోయింది. పల్లడం ఆస్పత్రికి బండిలో తీసుకుపోయారు, అత్త వాకిట్లో నిలబడి ఉంది. "ఏమో సెప్పింది బండిలోనుంచి. ఏం సెప్పిందో వినపల్లా. ఇన్నేండ్లు అదే జ్ఞాపకం, అమ్మ వాయి కదులుతుంది, గొంతు సత్తం రాదు. ఇప్పుడు సత్తం వచ్చె."

నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను.

ఇప్పుడు చెప్పడం వల్ల ఎవరికి మేలు? ఆమె సంతోషంగా ఉంది. నేను రెండు వైపులా ఆలోచించాను. నాబులన్నీ సున్నాలో పెట్టినా ఆ పెట్టెలో గొంతు మారుతుంది. నేను మార్చింది ఎంత, పెట్టె మార్చింది ఎంత, ఎవరూ చెప్పలేరు.

జూన్ 2

సార్ చాలా ఉత్సాహంగా ఉన్నాడు. కల్యాణసుందరం గారు ఆయనకు ఫోన్ చేశారట. సార్ నాతో, "చూడు యువా, మనం కథ సగం రాస్తే మిగతాది ఆమే రాసె" అన్నాడు.

"అది అబద్ధం కదా సార్."

"మీ అత్తె సెప్పింది. నేను సెప్పలా."

మధురైలో తెలుగువాళ్ళ సంఘం ఒకటి సభ పెడుతోంది, ఇరవై రెండో తేదీన. వళ్ళి కూతురికి శాలువా కప్పుతారు. అత్తను ఒక పాట పాడమంటారు, అమ్మలాగా.

అత్త మెంతి రంగు చీర తీసి ఎండలో వేసింది.

జూన్ 15

చెప్పలేదు.

జూన్ 22, ఆదివారం. మధురై

సభ జరిగిన కల్యాణమండపంలో ఆడవాళ్ళకిచ్చిన గదిలో కూర్చుని రాస్తున్నాను. అత్త పడుకుంది. రేపు పొద్దున బస్సు. అంతా వరుసగా రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మారిపోతుంది.

పొద్దున సింగానల్లూరులో బస్సెక్కాము. అత్త కిటికీ పక్కన. పల్లడం దాటేటప్పుడు ఆస్పత్రి వీధి వైపు మెడ తిప్పి చూసింది. తర్వాత, "సభలో ఏ పాట పాడేది? జోలపాట పాడితే అమ్మ మాదిరి వస్తుందా?" అని అడిగింది.

అప్పుడు చెప్పాను. ధైర్యం వచ్చి కాదు. ఆ ప్రశ్నకు వేరే జవాబు దొరకలేదు.

మాటల్లో చెబితే ఆమెకు అర్థం కాలేదు. ఫోన్‌లో రెండూ ఉన్నాయి. ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టి, స్టూడియోలో పాడింది పాడినట్టు వినిపించాను.

"ఇది నేను" అంది.

అదే పాటను పెట్టెలోంచి తీసినది వినిపించాను.

"ఇది అమ్మ."

"రెండూ నువ్వే అత్తా. మార్చిలో పాడినావే, అదే. నేనే కంప్యూటర్‌లో పాతది మాదిరి మార్చినాను. టేపు లేదు. ఏమీ లేదు."

మళ్ళీ మొదటిది పెట్టమంది. మళ్ళీ రెండోది. ముందు సీటులోని పిల్ల వెనక్కి తిరిగి మమ్మల్నే చూస్తోంది. అత్త ఇయర్‌ఫోన్ తీసి నా ఒళ్ళో పెట్టింది. బయట గాలిమరలు తిరుగుతున్నాయి. ధారాపురం దాకా వాటినే చూసింది.

ధారాపురంలో అడిగింది. "మా అమ్మ గొంతు నువ్వు వింటివా ఎప్పుడన్నా?"

"లేదత్తా. నాన్నకే సరిగా జ్ఞాపకం లేదంటాడు."

"మరి ఎట్ల తెలిసె నీకు, ఎంత తిప్పాలని?"

"తెలియదు. సార్ పాతగా కావాలంటే తిప్పుకుంటూ పోయినాను."

తల ఊపింది. ఒడ్డంఛత్రంలో బస్సు ఆగితే టీ తెచ్చిచ్చాను. బాగాలేదంది. టీ గురించే అన్నదనుకుంటాను.

"ఇంటికి తిరిగి పోదామా అత్తా?"

"టికెట్టు తీసినాము కదా" అంది.

మండపం వాకిట్లో పెద్ద బ్యానర్. వళ్ళి అమ్మాళ్ అని పేరు, పైన ఒక పడుచామె ఫోటో, పసుపు తిరిగినట్టున్న పాత ఫోటో. సార్ చేయించాడు. అత్త దాని ముందు నిలబడింది.

"ఇది నేనే కదా" అంది.

సార్ నవ్వాడు. అత్త ఫోటోనే తీసుకుని, కంప్యూటర్‌లో వయసు తగ్గించి, రంగు తీసేశారు. "అమ్మ మాదిరి దానే, పాటీ, కూతురు ఉండేది" అన్నాడు. నేను ఆ ఫోటోను ఎక్కువసేపు చూడలేకపోయాను. గొంతుకు నేను చేసింది మొహానికి చేస్తే ఎలా ఉంటుందో అది అలాగే ఉంది.

సభ నిండింది. సార్ మాట్లాడాడు. కల్యాణసుందరం గారు వళ్ళి ఉచ్చారణ మీద రాసిన వ్యాసంలో కొంత చదివారు. అంత పాత పలుకుబడి నేటి ఆడవాళ్ళలో పూర్తిగా పోయిందన్నారు. తర్వాత అత్తను పిలిచి మైకు చేతికిచ్చారు.

అత్త మైకును కొంచెం దూరంగా పట్టుకుంది.

"అందరికీ దండం. ఆ పాటలు పాడింది మా అమ్మ కాదు. నేను. సింగానల్లూరు స్టూడియోలో, ఈ మార్చిలో. మా అమ్మ పేరు వళ్ళి, అది నిజం. ఆమె గొంతు ఎట్ల ఉండెనో నాకు తెలీదు. అక్కడ వాకిట్లో ఉండే ఫోటో కూడా నాది. శాలువా ఆమె కోసరం తెచ్చి ఉంటే ఇయ్యొద్దండి. నాకయితే ఇయ్యండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలియలేదు. ముందు వరుసలో కల్యాణసుందరం గారు లేచి నిలబడ్డారు. ఆయన చేతిలో వ్యాసం అలాగే ఉంది.

"మరి జీపులో వచ్చిన దొర?" అన్నారు.

"వచ్చె సామీ. దోమల మందు కొట్టి పోయె."

వెనకాల ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. ఆయన కూర్చున్నారు. నవ్వనిది ఆయనా, నేనూ, సార్.

సార్ మైకు తీసుకుని, సంగతి తనకు ఇప్పుడే తెలిసిందనీ, శబ్దం సరిచేసినవాళ్ళు తనను తప్పుదోవ పట్టించారనీ చెప్పాడు. నా పేరు చెప్పలేదు. ఆల్బమ్ కింద పేరు ఉంది కాబట్టి అక్కర్లేదు.

లేచాను. "గొంతు మార్చింది నేను. కథ రాసింది మీరు సార్. రాసిన రోజే నేను అడిగితిని, మీరు జవాబు చెప్తిరి. ఆ జవాబు సరిపోతుందని నేను ఊరకుంటిని." ఇంత చెప్పాను. ఇంకా చెప్పాలనుకున్నాను, కానీ కూర్చున్నాను.

శాలువా అత్తకే కప్పారు. తెచ్చినదాన్ని ఏం చేయాలో వాళ్ళకూ తెలియలేదు. పాడమంటే అత్త ఏడ్పు పాట పాడింది. నేను సౌండ్ వాళ్ళ బల్ల దగ్గరికి పోలేదు. మైకు కీచుమంటూ, గొంతు గరగరలాడుతూ, ఉన్నదున్నట్టు వినిపించింది. ఈసారి ఎవరిని తలుచుకుందో అడగలేదు.

జూన్ 23

బస్‌స్టాండుకు కల్యాణసుందరం గారు వచ్చారు. రాత్రి నిద్రపోయినట్టు లేదు. "ఈనాటి ఆడవాళ్ళలో ఆ పలుకుబడి పోయిందని రాశానమ్మా" అన్నారు అత్తతో.

"ఇప్పుడేం సేస్తారు?"

"ఉందని మార్చి రాస్తాను."

"రాయండి" అంది అత్త.

సార్ ఫోన్‌లో మెసేజ్ పెట్టాడు. నేను ఇక రానక్కర్లేదు.

జూన్ 24

అత్త నాతో మాట్లాడలేదు.

జూన్ 26

మాట్లాడింది. "గ్యాసు అయిపోయింది" అంది.

జూలై 1

సార్ ఆల్బమ్ తీసేశాడు. నాన్న ఫోన్‌లో చాలాసేపు తిట్టాడు. మధ్యలో ఆగి, "అమ్మ గొంతని సెప్పి నాకూ పంపిచ్చింది మీ అత్తె. నేనూ నమ్మితిని" అన్నాడు. తర్వాత తిట్టలేదు. అదే కష్టంగా ఉంది.

జూలై 9

సూలూరులో ఒక ట్యూషన్ సెంటర్ వాళ్ళ వీడియోలకు శబ్దం సరిచేసే పని దొరికింది. లెక్కల మాస్టారి గొంతు. పాతగా ఉండనక్కర్లేదు, వినిపిస్తే చాలు.

జూలై 13

అత్త తనంతట తానే అడిగింది. "నేను పాడింది పాడినట్టు పెట్టు. నా పేరు వేయి. ఆరాయి, సూలూరు. నీ పేరు వేయొద్దు."

వేయలేదు. ఏ పెట్టె గుండా పోనివ్వకుండా పెట్టాను. గరుకు కూడా తీయలేదు.

జూలై 20

మునుపటి వాళ్ళలో పదో వంతు కూడా వినడం లేదు. "పాతదాంట్లో ఉన్న జీవం ఇందులో లేదు" అని ఒకరు రాశారు. కల్యాణసుందరం గారు వచ్చి రెండు గంటలు కూర్చుని అత్త మాటలు రాసుకుపోయారు. అత్త ఆయనకు ఏ మాటకైనా అర్థం చెప్పే ముందు, "ఇది నేను సెప్పేది, మా అమ్మ కాదు" అని చెబుతోంది. ఆయన అదీ రాసుకుంటున్నారు.

జూలై 27, ఆదివారం

మధ్యాహ్నం అత్త పడమటి గదిలో నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని అవర చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని సాయం చేస్తున్నాను. బస్సు రోజు తర్వాత మేము ఇలా కూర్చోవడం ఇదే మొదలు.

"పాట పెట్టు" అంది.

కొత్తగా పెట్టిన ఆల్బమ్ తెరిచాను. నాలుగు పలుకులు విని చెయ్యి ఊపింది.

"ఇది వొద్దు. ఇది నేను ఎప్పుడూ వినేది దానే. అమ్మది పెట్టు."

ఆమె మొహం చూశాను. గింజల మీదే కళ్ళున్నాయి. ఆమె ఫోన్‌లో ఆ పాత పాటలు ఇంకా ఉన్నాయి. తీసేయమని ఆమె అనలేదు, నేను అడగలేదు. జోలపాట పెట్టాను.

అత్త కళ్ళు మూసుకుని వింది. రెండో చరణంలో ఒక మాట దగ్గర కళ్ళు తెరిచింది.

"ఇక్కడ అమ్మ తప్పు పాడింది" అంది.

అవునన్నాను.